ఎఫ్8 నొక్కితే ఏం జరగాలో మెథడ్ పేరే చెప్పాలి

విజయవాడ వన్‌టౌన్‌లోనో, హైదరాబాద్ బేగంబజార్‌లోనో ఒక హోల్‌సేల్ కొట్టు కౌంటర్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. బిల్లులు కొట్టే గుమాస్తా మౌస్ ముట్టుకోడు. ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్. అది టాలీ నేర్పిన అలవాటు. కళ్లు సరుకు చీటీ మీద ఉంటాయి, వేళ్లు వాటంతటవే కదులుతుంటాయి. అలాంటి కొట్టుకు మీ కంపెనీ కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మబోతే యజమాని పెట్టే మొదటి షరతు, "మా కుర్రాళ్లకు టాలీ కీలు అలవాటండీ, అవే పెట్టించండి" అని. ఆ షరతు చేతులు మారి మారి టికెట్‌గా మీ దగ్గరికి వస్తుంది: ఎఫ్8 కొడితే సేల్స్ బిల్లు తెరుచుకోవాలి. మీరు ఎడిటర్ తెరిచి మెథడ్‌కు 'ఆన్‌ఎఫ్8' అని పేరు పెట్టేస్తారు.

ఆ రోజుకు అందులో తప్పేమీ కనిపించదు. టికెట్‌లో ఎఫ్8 ఉంది, కోడ్‌లోనూ ఎఫ్8 ఉంది. రివ్యూ చేసినవాళ్లు తలూపి మెర్జ్ చేసేస్తారు. తిప్పలు తర్వాత మొదలవుతాయి. టాలీ ఈఆర్‌పీ 9లో క్రెడిట్ నోట్‌కు కంట్రోల్ ఎఫ్8, డెబిట్ నోట్‌కు కంట్రోల్ ఎఫ్9 ఉండేవి. 2020 చివర్లో టాలీప్రైమ్ వచ్చాక క్రెడిట్ నోట్ ఆల్ట్ ఎఫ్6 మీదికి, డెబిట్ నోట్ ఆల్ట్ ఎఫ్5 మీదికి వెళ్లాయి. కొట్టులో జరిగే పనిలో మార్పేమీ లేదు. సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోట్ రాయడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మారింది కీ ఒక్కటే. టాలీ దారిలోనే నడవాల్సిన మీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ మార్పు చేయాల్సి వస్తుంది. అప్పుడు కోడ్‌లో ఇలాంటి లైను ఒకటి పుడుతుంది: ఆల్ట్ ఎఫ్6 వస్తే 'హ్యాండిల్‌కంట్రోల్‌ఎఫ్8'ను పిలువు. ఆర్నెల్ల తర్వాత చేరిన కొత్త కుర్రాడు దాన్ని చూసి బగ్ అనుకుంటాడు. వాడి తప్పేమీ లేదు, చూసిన ఎవరైనా అలాగే అనుకుంటారు. మంచి మనసుతో సరిచేస్తాడు. మర్నాడు కౌంటర్ నుంచి ఫోన్ వస్తుంది.

అందుకే కీ పేరు కోడ్‌లో ఒక్క చోటే, ఏ కీకి ఏ పనో చెప్పే పట్టికలోనే ఉండాలంటాను. మెథడ్‌కు పని పేరు పెట్టాలి. 'ఓపెన్‌సేల్స్‌వోచర్', 'ఓపెన్‌క్రెడిట్‌నోట్'. రేపు టాలీ మళ్లీ కీలు మార్చినా, మీ కస్టమర్ ఇంకేదో కీ అడిగినా పట్టికలో ఒక వరుస మారుతుంది. మెథడ్ జోలికి ఎవరూ వెళ్లక్కర్లేదు.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, పాత తరం వాళ్లు ఎప్పుడో తేల్చేసిన సంగతి. కట్, కాపీ, పేస్ట్ అనే పనులకు ఆ పేర్లు స్థిరపడింది 1970ల నడుమ జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో, లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి తయారుచేసిన జిప్సీ ఎడిటర్‌లో. ఎక్స్, సీ, వీ, జెడ్ అనే వరుస కీలు 1983లో యాపిల్ లీసాతో వచ్చాయి. 1987లో ఐబీఎం తన కామన్ యూజర్ యాక్సెస్ పద్ధతిలో అదే కాపీకి కంట్రోల్ ఇన్సర్ట్, పేస్ట్‌కు షిఫ్ట్ ఇన్సర్ట్, కట్‌కు షిఫ్ట్ డిలీట్ పెట్టింది. విండోస్‌లో అవి ఇప్పటికీ పనిచేస్తాయి, కావాలంటే కొట్టి చూడండి. అదే కాపీకి విండోస్‌లో కంట్రోల్ సీ కూడా ఉంది, మ్యాక్‌లో కమాండ్ సీ. పని ఒకటి, కీలు మూడు జతలు. దాన్ని కీ పేరుతో రాసుంటే మూడు మెథడ్లు రాసి, మూడింట్లోనూ అదే పని చేయించాల్సి వచ్చేది.

ఈమ్యాక్స్ అనే ఎడిటర్ 1976 నాటిది. అందులో మీరు కొట్టే ప్రతి కీ వెనకా పేరున్న కమాండ్ ఒకటి ఉంటుంది. కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ ఎస్ కొడితే నడిచేది 'సేవ్-బఫర్'. మామూలు అక్షరం టైప్ చేసినా దాని వెనక 'సెల్ఫ్-ఇన్సర్ట్-కమాండ్' ఉంటుంది. కట్‌ను 'కిల్' అని, పేస్ట్‌ను 'యాంక్' అని పిలవడం నేటివాళ్లకు వింతగా ఉంటుంది గానీ, అవి కూడా పనుల పేర్లే. అందుకే వాడేవాళ్లు ఏ కీని దేనికి తగిలించుకున్నా లోపలి కోడ్‌కు చీమకుట్టినట్టు కూడా ఉండదు. జావా స్వింగ్‌లో ఇన్‌పుట్‌మ్యాప్, యాక్షన్‌మ్యాప్ అని రెండు విడివిడిగా పెట్టారు. మొదటిది కీ నుంచి ఒక పేరుకు, రెండోది ఆ పేరు నుంచి పనికి దారి చూపిస్తుంది. వీఎస్ కోడ్ కీబైండింగ్స్ ఫైల్ తెరిచినా కీ, కమాండ్, అది ఎప్పుడు చెల్లుతుందన్న షరతు వేర్వేరు గళ్లలో కనిపిస్తాయి.

వీటన్నిట్లో నాకు బాగా నచ్చేది మ్యాక్ పద్ధతి. అక్కడ కీ నొక్కగానే 'కీడౌన్' వస్తుంది. దాన్ని 'ఇంటర్‌ప్రెట్‌కీఈవెంట్స్' అనే మెథడ్‌కు అప్పగిస్తే, వాడేవాళ్ల కీ అమరికను చూసి, 'మూవ్‌వర్డ్‌రైట్', 'డిలీట్‌బ్యాక్‌వర్డ్', 'ఇన్సర్ట్‌న్యూలైన్' లాంటి ఆజ్ఞగా మార్చి వెనక్కి పంపుతుంది. ఆ పేర్లలో ఆప్షన్ కీ గానీ, బాణం కీ గానీ, ఎంటర్ గానీ ఎక్కడా లేవు. ప్రోగ్రామింగ్ రానివాళ్లకు చదివి వినిపించినా ఏం జరుగుతుందో చెప్పగలరు. పేరు మంచిదో కాదో తేల్చడానికి అంతకంటే పరీక్ష అక్కర్లేదు.

కీ నొక్కిన క్షణం నుంచి బిల్లు తెరుచుకునే దాకా నిజానికి మూడు ప్రశ్నలు నడుస్తాయి. ఏం నొక్కారు? దాని అర్థం ఏ పని? ఆ పని ఎలా జరగాలి? ఒక్కో మెథడ్ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తే పేరు పెట్టడం తేలిక. మొదటిదానికి 'ఆన్‌కీడౌన్' చాలు, అది ఫ్రేమ్‌వర్క్ పిలిచే గుమ్మం. రెండోదానికి 'ఫైండ్‌కమాండ్‌ఫర్' లాంటిది. మూడోది 'ఓపెన్‌సేల్స్‌వోచర్'. ఒక మెథడ్‌కు ఎంత ఆలోచించినా పేరు తట్టడం లేదంటే మీ ఇంగ్లిష్‌ను తిట్టుకోకండి. చాలాసార్లు ఆ మెథడ్ లోపల రెండు మూడు పనులు ఇరుక్కుని ఉంటాయి. ముందు దాన్ని విడగొట్టండి, పేర్లు వాటంతటవే వస్తాయి.

ఇక అసలు పేచీ 'హ్యాండిల్' దగ్గర. కీబోర్డు కోడ్‌లో ఇంతగా అరిగిపోయిన మాట ఇంకొకటి లేదు. 'హ్యాండిల్‌కీ', 'హ్యాండిల్‌షార్ట్‌కట్', 'హ్యాండిల్‌ఇన్‌పుట్', అవి చాలక 'డూహ్యాండిల్‌కీ'. పెళ్లింట్లో ఎవరినో పట్టుకుని "వంటల సంగతి నువ్వు చూసుకో" అన్నట్టే ఉంటుంది. సామాన్లు తేవాలా, వంటవాళ్లను కుదర్చాలా, వడ్డన దగ్గర నిలబడాలా? అన్నవాళ్లకు తెలుసు గానీ విన్నవాళ్లకు తెలియదు. ఫ్రేమ్‌వర్క్ నుంచి వచ్చే ఈవెంట్‌ను మొట్టమొదట అందుకునే చోట 'హ్యాండిల్' ఉన్నా పర్వాలేదు, అక్కడ అది వాడుక. దాని కింద మెథడ్లలోకి మాత్రం రానివ్వకండి.

'హ్యాండిల్' మెథడ్ ట్రూ, ఫాల్స్ వెనక్కి ఇస్తే చిక్కు రెట్టింపవుతుంది. ట్రూ అంటే ఏమిటి? పని విజయవంతంగా అయిందనా, ఈ కీ సంగతి నేను తీసుకున్నాను ఇంకెవరికీ పంపకు అనా? విండోస్ ఫారమ్స్‌లో 'ప్రాసెస్‌సీఎండీకీ' ట్రూ ఇస్తే రెండో అర్థం. ఆండ్రాయిడ్‌లో 'ఆన్‌కీడౌన్' ట్రూ ఇచ్చినా అంతే, ఈవెంట్ అక్కడితో ఆగిపోతుంది. కానీ మీ టీమ్‌లో ఒకరు దాన్ని మొదటి అర్థంలో రాశారనుకోండి. సేవ్ విఫలమైతే ఫాల్స్ వెళ్తుంది, ఎవరూ తీసుకోలేదు కదా అని కీ ఇంకో కంట్రోల్ దగ్గరికి పోతుంది, అక్కడ ఇంకేదో జరుగుతుంది. ఫ్రేమ్‌వర్క్ పెట్టిన పేరు మీరు మార్చలేరు. మీరు రాసే పేర్లలోనైనా ఆ అనుమానం ఉండకూడదు. డాట్‌నెట్ వాళ్లకు 'ట్రైపార్స్' ఎలాగూ తెలుసు: ప్రయత్నిస్తుంది, కుదిరిందో లేదో చెప్తుంది. అదే దారిలో 'ట్రైరన్‌షార్ట్‌కట్' అంటే ఈ కీకి తగిన పని ఉంటే చేసి ట్రూ, లేకపోతే ఫాల్స్ అని చదివేవాళ్లకు అర్థమవుతుంది.

'హ్యాండిల్'కు అన్నలాంటిది 'చెక్‌షార్ట్‌కట్'. ఒకసారి దగ్గరగా చూద్దాం. ఒక బిల్లింగ్ స్క్రీన్ కోడ్‌లో ఆ పేరుతో మెథడ్ ఉంది. లోపల మొదటి లైను కంట్రోల్ ఏ నొక్కారా అని చూస్తుంది. టాలీలో కంట్రోల్ ఏ అంటే అంగీకరించి సేవ్ చేయడం, ఇక్కడా అదే పెట్టారు. రెండో లైను బిల్లును సేవ్ చేస్తుంది. మూడో లైను ట్రూ ఇస్తుంది. కొన్నాళ్లు సవ్యంగానే నడిచింది. తర్వాత ఇంకొకరు, ఏ షార్ట్‌కట్లు ఎక్కువ వాడుతున్నారో లాగ్‌లో రాయాలన్న టికెట్ తీసుకున్నారు. "ఇది షార్ట్‌కట్టేనా?" అని అడగడానికి వాళ్లకు చేతికి దొరికింది 'చెక్‌షార్ట్‌కట్'. పేరు చూస్తే అడిగే మెథడ్‌లాగే ఉంది, పిలిచారు. ఆ రోజు నుంచి ఒక్కో బిల్లు రెండుసార్లు సేవ్ అయింది. ఇన్వాయిస్ నంబర్లు ఒకటి విడిచి ఒకటి వచ్చాయి, స్టాక్ రెండింతలు తగ్గింది. ఇద్దరిలో ఎవరూ తెలివితక్కువవాళ్లు కారు. పేరు ప్రశ్నలా ఉంది, లోపల ఆజ్ఞ ఉంది. అంతే.

కాబట్టి అడిగేది అడగాలి, చేసేది చేయాలి. 'ఈజ్‌సేవ్‌షార్ట్‌కట్' అని పెడితే దాన్ని వందసార్లు పిలిచినా స్క్రీన్ మీద ఏమీ మారకూడదు. 'సేవ్‌బిల్' అంటే సేవ్ చేస్తుందని అందరికీ తెలుసు, ఎవరూ ఊరికే పిలవరు. 'చెక్', 'ప్రాసెస్', 'మేనేజ్', 'డూ' అనేవి కోడ్ రివ్యూలో కనిపించగానే లోపలికి వెళ్లి చూడాల్సిన మాటలు.

కీ 'డౌన్', 'అప్', 'ప్రెస్' అనే మూడింటినీ ఒకదాని బదులు ఇంకొకటి వాడేయడం కూడా మనవాళ్లకు బాగా అలవాటు. మాటల్లో మనకు అన్నీ నొక్కడమే కదా. కానీ విండోస్ ఫారమ్స్‌లో కీప్రెస్ అనేది అక్షరాల కోసం ఉన్న ఈవెంట్. ఎఫ్8కు అది రానే రాదు. 'ఆన్‌కీప్రెస్'లో ఎఫ్8 కోసం కోడ్ రాసి, ఎందుకు పనిచేయడం లేదో తెలియక సాయంత్రం దాకా కూర్చునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. బ్రౌజర్లలోనైతే కీప్రెస్‌ను వాడొద్దనే చెప్పేశారు. అలాగే కీని నొక్కి పట్టుకుంటే కీడౌన్ వరుసగా వస్తూనే ఉంటుంది. గుమాస్తా వేలు ఎఫ్8 మీద కాస్త ఎక్కువసేపు ఉంటే నాలుగు ఖాళీ బిల్లులు తెరుచుకుంటాయి. బ్రౌజర్ ఈవెంట్‌లో 'రిపీట్' అనే గుర్తు ఉండేది అందుకే. దాన్ని వడకట్టే చోటికి 'ఇగ్నోర్‌హెల్డ్‌కీ' లాంటి పేరు పెడితే, ఆ నాలుగు లైన్లు ఎందుకున్నాయో కామెంట్ రాయకుండానే తెలుస్తుంది.

వేరియబుల్ పేర్లలో ఉత్త 'కీ' ఇంకో ఉచ్చు. బ్రౌజర్ రెండు సంగతులు విడివిడిగా చెప్తుంది: 'కీ' అంటే ఆ నొక్కుడుకు పుట్టిన అక్షరం, 'కోడ్' అంటే కీబోర్డు మీద ఆ బటన్ ఉన్న చోటు. అమెరికన్ కీబోర్డు మీద రెండూ ఒకటే అనిపిస్తాయి. జర్మన్ కీబోర్డు మీద వై, జెడ్ చోట్లు మారి ఉంటాయి. ఫ్రెంచి కీబోర్డు మీద క్యూ ఉండాల్సిన చోట ఏ ఉంటుంది. అంతదూరం దేనికి, మన ఇన్‌స్క్రిప్ట్ సంగతే చూడండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఆన్‌లో ఉండగా ఇంగ్లిష్ జె ఉన్న బటన్ నొక్కితే 'ర' వస్తుంది, కె నొక్కితే 'క' వస్తుంది. జె కొడితే కిందికి, కె కొడితే పైకి వెళ్లాలని మీరు షార్ట్‌కట్ పెట్టి, 'కీ' విలువ జె అవునా అని పోల్చారనుకోండి. తెలుగులో వార్తలు టైప్ చేసే సబ్‌ఎడిటర్‌కు మీ షార్ట్‌కట్ చచ్చిపోయినట్టే. వేరియబుల్‌కు 'టైప్డ్‌లెటర్' అనో 'కీపొజిషన్' అనో పేరుంటే, పోల్చే లైను రాస్తున్నప్పుడే మీకు ఆ తేడా కంట్లో పడేది. తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి మార్చుకునేవాళ్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. పదం ఇంకా కూడుతుండగా వాళ్లు ఎంటర్ కొట్టేది ఆ పదాన్ని ఖాయం చేయడానికి, ఫారం పంపడానికి కాదు. బ్రౌజర్ దాన్ని 'ఈజ్‌కంపోజింగ్' అని చెప్తుంది. తెలుగు చాట్ పెట్టెలో సగం మాటే వెళ్లిపోతోందన్న ఫిర్యాదు వస్తే ముందు అక్కడ చూడండి.

కంట్రోల్, కమాండ్ గొడవను ఎక్కువ సాగదీయను. మ్యాక్‌లో కమాండ్, విండోస్‌లో కంట్రోల్ ఒకే పనికి వాడితే, ఆ రెంటినీ కలిపి చూసే మెథడ్‌కు 'ఈజ్‌కంట్రోల్‌ప్రెస్డ్' అని అబద్ధం పేరు పెట్టకండి. ఎలక్ట్రాన్ వాళ్లు 'కమాండ్‌ఆర్‌కంట్రోల్' అని ఉన్నదున్నట్టు పెట్టుకున్నారు. అందంగా లేదు, కానీ నిజం.

ఎస్కేప్ దగ్గరికి వద్దాం. ఏ ప్రాజెక్టులోనైనా అన్నిటికంటే లావైన మెథడ్ చూపించమంటే నేను ముందు వెతికేది 'ఆన్‌ఎస్కేప్'. డైలాగ్ తెరిచి ఉంటే మూయాలి. లేకపోతే లైను ఎడిట్ చేస్తుంటే రద్దు చేయాలి. అదీ కాకపోతే వెతుకుడు పెట్టె ఖాళీ చేయాలి. ఏదీ లేకపోతే "బిల్లు వదిలేయాలా?" అని అడగాలి. నాలుగు పనులు ఒకే పేరు కింద, ఇఫ్‌ల మీద ఇఫ్‌లుగా పేరుకుపోతాయి. ఐదో పని చేర్చేవాడు ఎక్కడ చేర్చాలో తెలియక అన్నిటికన్నా పైన చేర్చేస్తాడు. ఇక్కడ పేర్లు నాలుగు కావాలి: 'క్లోజ్‌టాప్‌డైలాగ్', 'క్యాన్సిల్‌లైన్‌ఎడిట్', 'క్లియర్‌ఐటమ్‌సెర్చ్', 'ఆస్క్‌టుడిస్కార్డ్‌బిల్'. వాటిలో ఏది ఎప్పుడు చెల్లుతుందో చెప్పే షరతులకు కూడా పేర్లుండాలి, వీఎస్ కోడ్‌లో 'ఎడిటర్‌టెక్స్ట్‌ఫోకస్' ఉన్నట్టు. 'ఈజ్‌ఎడిటింగ్‌లైన్' అన్న షరతును టెస్ట్ రాసేవాళ్లు, టెస్టింగ్ టీమ్ వాళ్లు కూడా చదువుకోగలరు.

'గ్లోబల్' అన్న మాటనూ పొదుపుగా వాడండి. మన అప్లికేషన్‌లో అన్ని స్క్రీన్లకూ చెల్లే కీ వేరు. అప్లికేషన్ వెనకాల ఉండి, కస్టమర్ ఇంకో ప్రోగ్రామ్‌లో పనిచేస్తున్నా మనకు వచ్చే కీ వేరు. విండోస్‌లో 'రిజిస్టర్‌హాట్‌కీ'తో పెట్టేది ఆ రెండోది. దాన్నొక ప్రోగ్రామ్ తీసుకుంటే అదే కీ జత ఇంకో ప్రోగ్రామ్‌కు ఇవ్వరు. రెంటికీ 'రిజిస్టర్‌గ్లోబల్‌షార్ట్‌కట్' అని పేరు పెట్టిన కోడ్‌లో, ఎవరో ఒకరు రెండోదాన్ని మొదటిదనుకుని కంట్రోల్ పీని మొత్తం మెషీన్ మీద ఆక్రమించేస్తారు. అప్లికేషన్ వరకే అయితే 'యాప్‌వైడ్' అనండి, మెషీన్ మొత్తానికైతే 'సిస్టమ్‌వైడ్' అనండి, గొడవ వదిలిపోతుంది.

మంచి పేరు పెట్టామో లేదో చూసుకోవడానికి ఇంకో తేలిక దారి ఉంది. కీతో చేసే పనికే మెనూలో ఒక వరుస, స్క్రీన్ మీద ఒక బటన్ కూడా ఉంటాయి కదా. ఆ మూడూ ఒకే మెథడ్‌ను పిలవగలగాలి. మెనూ నొక్కితే 'సేవ్‌షార్ట్‌కట్‌ప్రెస్డ్'ను పిలుస్తున్నట్టు కోడ్ రాయాల్సి వస్తే ఎబ్బెట్టుగా అనిపిస్తుంది. అనిపించాలి కూడా. చాలామంది ఆ ఎబ్బెట్టు తప్పించుకోవడానికి ఇంకో మెథడ్ రాసి, సేవ్ కోడ్‌ను అందులోకి కాపీ కొడతారు. జీఎస్‌టీ లెక్కలో మార్పు వచ్చిన రోజు ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతారు. బటన్‌తో సేవ్ చేస్తే ఒక పన్ను, కీతో సేవ్ చేస్తే ఇంకో పన్ను. ఇలాంటి బగ్‌ను పట్టుకోవడం ఎంత కష్టమో సపోర్ట్‌లో పనిచేసినవాళ్లను అడగండి. ఎందుకంటే టెస్ట్ చేసేవాళ్లు మౌస్‌తో చేస్తారు, కొట్టువాళ్లు కీబోర్డుతో చేస్తారు.

వాడేవాళ్లే కీలు మార్చుకునే సదుపాయం ఇవ్వాలంటే పని పేర్లు లేకుండా కుదరదు. వెబ్ అందరికీ అందుబాటులో ఉండాలని 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 నియమాల్లో 2.1.4 అనేది ఉంది. ఒంటి అక్షరంతో నడిచే షార్ట్‌కట్లు ఉంటే వాటిని ఆపుకునే వీలో, మార్చుకునే వీలో ఉండాలి, లేదా ఆ కంట్రోల్ మీద ఫోకస్ ఉన్నప్పుడే పనిచేయాలి అంటుంది. గొంతుతో కంప్యూటర్ నడిపేవాళ్లకు, చేతులు వణికేవాళ్లకు అది అవసరం. విదేశీ క్లయింట్లు ఈ నియమం పాటించారా అని ఆడిట్ చేయిస్తుంటారు కూడా. కీలు మార్చుకునే స్క్రీన్‌లో ఎడమవైపు వరుసలో ఏం చూపిస్తారు? 'ఆన్‌ఎఫ్8' అని చూపించలేరు కదా.

అక్కడే ఒక జాగ్రత్త. వాడేవాళ్లు మార్చుకున్న కీలు సెట్టింగ్స్ ఫైల్‌లో కమాండ్ పేరుతో సహా దాచి ఉంటాయి. మెథడ్ పేరును మీరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. బయటికి వెళ్లిన కమాండ్ పేరు అలా కాదు, అది మారితే వాళ్ల సెట్టింగ్ తెగిపోతుంది. తప్పు పేరు ఒకసారి బయటపడ్డాక ఎంతకాలం ఉండిపోతుందో చూడాలంటే హెచ్‌టీటీపీలోని 'రిఫరర్' హెడర్ చాలు. 1996 నాటి నిర్దేశంలోనే దాని ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక ఆర్ తగ్గింది, ఈరోజుకీ ప్రపంచమంతా ఆ తప్పుతోనే రాస్తోంది. యూనిక్స్‌లో 'క్రియేట్' కాల్‌కు చివర ఈ అక్షరం లేదు. మళ్లీ చేస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ఈ చేరుస్తానని కెన్ థాంప్సన్ అన్నారు. అందుకని ఎక్కువ ఆలోచన కమాండ్ పేర్ల మీద పెట్టండి. తప్పదు మార్చాలంటే పాత పేరును కూడా కొన్నాళ్లు చెల్లనివ్వండి.

ఇక ఉద్యోగం సంగతి. పేర్ల గురించి మాట్లాడితే చాదస్తం అనుకుంటారేమోనని చాలామంది జూనియర్లు నోరు మెదపరు. ముఖ్యంగా ఆ కోడ్ లీడ్ గారు రాసిందైతే. మొదట్లోనే "పేరు బాలేదు" అనకండి, దానికి ఎవరికైనా చిరాకే. "సార్, ఇది ట్రూ ఇస్తే కీ ఇంకెవరికీ వెళ్లదనా, లేక సేవ్ అయిందనా?" అని అడగండి. జవాబు చెప్పడానికి ఆయనే ఫైల్ తెరిచి చూసుకోవాల్సి వస్తే పేరు సంగతి ఆయనకే తెలిసిపోతుంది. అప్పుడు మీ దగ్గర సిద్ధంగా ఒక పేరు ఉండాలి. పేరు సూచించకుండా పేరును విమర్శించడం పని జరగనివ్వదు.

పేరు బాగుందో లేదో తేల్చుకోవడానికి దాన్ని ఫోన్లో పలికి చూడటం ఇంకో పద్ధతి. ఆన్‌సైట్ కాల్‌లో అవతలివాళ్లకు 'హెచ్‌ఎన్‌డీఎల్‌కేపీ' ఎలా చెప్తారు? కేపీ అంటే కీప్రెస్సా, కీప్యాడా? పూర్తిగా రాయండి. పేరు నాలుగు మాటలైనా టైప్ చేసేది ఎడిటరే, చదివేది మాత్రం మీరు. కొత్తగా చేరినవాళ్లు ఇంగ్లిష్ మీద భయంతో నెట్‌లో దొరికిన పేరునో, ఏఐ టూల్ ఇచ్చిన పేరునో అలాగే ఉంచేస్తారు. ఆ టూల్‌కు మీ క్లయింట్ కొట్టు తెలియదు. గుమాస్తా 'వోచర్' అంటాడా, 'బిల్లు' అంటాడా, 'ఇన్వాయిస్' అంటాడా కనుక్కుని, మూడింటిలో ఒకదాన్ని పట్టుకుని కోడ్ అంతా అదే వాడండి. మూడూ కలిపి వాడిన కోడ్‌లో ఏది వెతికినా సగమే దొరుకుతుంది.

పేరు మార్చే కామిట్‌లో ఇంకే మార్పూ కలపకండి. వీఎస్ కోడ్‌లో ఎఫ్2, జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలో షిఫ్ట్ ఎఫ్6 కొడితే పిలిచిన చోట్లన్నిటా పేరు మారుతుంది. కొటేషన్ల మధ్య స్ట్రింగ్‌గా ఉన్న పేర్లను మాత్రం అది నమ్మకంగా పట్టుకోదు, వాటిని వెతికి చేత్తో మార్చాలి. రిలీజ్‌కు ముందు రోజు ఈ పని పెట్టుకోకండి. ఇంకొకరు అదే ఫైల్ మీద పనిచేస్తుంటే ఒక మాట చెప్పి మొదలుపెట్టండి, లేకపోతే మెర్జ్ దగ్గర ఇద్దరికీ మాటామాటా వస్తుంది.

ఈ వారంలో ఒకసారి మీ ప్రాజెక్టులో 'హ్యాండిల్‌కీ', 'చెక్‌షార్ట్‌కట్', 'ఆన్‌ఎస్కేప్' అని వెతికి చూడండి. దొరికినవాటిలో మిమ్మల్ని ఎక్కువ తికమకపెట్టినదాన్ని ఒక్కదాన్నే తీసుకుని, పని పేరు పెట్టి, చిన్న పీఆర్ పంపండి. అన్నీ ఒకేసారి మార్చబోకండి, అంత పెద్ద పీఆర్‌ను ఎవరూ శ్రద్ధగా చదవరు.